ఆరో మెట్టు

చలికాలం వస్తే ఏం చెయ్యాలో ఇప్పలగూడలో తాతల నాటి నుంచి అందరికీ తెలుసు. పొద్దున్నే నాలుగు పుల్లలు పోగేసి మంట వేసుకోవాలి, గొంగడి కప్పుకోవాలి, పెదవులు పగిలితే ఇంత వెన్న రాసుకోవాలి, చలిని నోరారా నాలుగు తిట్లు తిట్టి పనికి పోవాలి. ఈ పద్ధతి పూర్తిగా తప్పని ఆ ఏడు కార్తీకం వెళ్ళీ వెళ్ళగానే పశువైద్య శాఖ వారు కనిపెట్టారు. చలిని తిట్టకూడదట. ఆలింగనం చేసుకోవాలట.

ఎలా ఆలింగనం చేసుకోవాలో వివరిస్తూ ఊళ్ళోని పశువుల ఆసుపత్రికి పదకొండు పేజీల సర్క్యులర్ వచ్చింది. దాని వెనకాలే జీపులో డెబ్బై రెండు డబ్బాల క్రీము దిగింది. ఆసుపత్రి వాళ్ళు వానాకాలానికి ముందు అడిగిన గాలికుంటు టీకాలు మాత్రం దిగలేదు. క్రీము డబ్బాలకే జీపు నిండిపోయిందని డ్రైవరు ఉన్నమాట చెప్పాడు.

డబ్బాలన్నీ లోపలికి మోసింది అటెండరు పోశెట్టి. పోశెట్టికి ఇరవై మూడేళ్ళ సర్వీసు. ఆ చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళలో అతని మొహం గుర్తులేని మనుషులు ఉండొచ్చు గానీ అతని చెయ్యి గుర్తులేని బర్రె లేదు. కడుపులో దుడ్డె అడ్డం తిరిగినా, కాలు మడిచి కూర్చున్నా, ఆ చెయ్యి లోపలికి వెళ్ళి బుజ్జగించి బయటికి పిలుచుకొస్తుంది. చూడడానికి మాత్రం ఎండిన తుమ్మ బెరడులా ఉంటుంది. ఆ సంగతి మీద ఇన్నేళ్ళలో ఏ బర్రే ఫిర్యాదు చెయ్యలేదు.

డాక్టర్ సుచరిత సర్క్యులర్ విప్పి పైకి చదివింది. ఆవిడ వచ్చి రెండేళ్ళయింది. వయసులో చిన్నదైనా పనిలో చురుకు.

"'శీతాకాలమున ఉద్యోగుల చర్మము పొడిబారుచున్నది. పొడిబారిన చేతితో తాకబడిన పశువు మనస్తాపమునకు గురియగుచున్నది. మనస్తాపము వలన పాలు తగ్గుచున్నవి. కావున రాష్ట్రమున పాల దిగుబడి తగ్గుటకు మూలకారణము ఉద్యోగుల మోచేతులని నిర్ధారణమైనది.'"

పోశెట్టి తల గోక్కున్నాడు. "మేడం, గడ్డి సంగతేమన్న రాసిన్రా అండ్ల?"

"లేదు పోశన్నా. పదకొండు పేజీలూ వెతికిన. గడ్డి ఊసే లేదు."

ఉన్నవల్లా మెట్లు. స్వీయ సంరక్షణకు ఏడు మెట్లు. రోజూ ఉద్యోగులంతా ఎక్కి తీరాలి. గోరువెచ్చని నీళ్ళతో మొదలై, శనగపిండి నలుగు మీదుగా, ఒండ్రుమట్టి పూత దాటి, నాలుగో మెట్టు దగ్గర అద్దం ముందు నిలబడి తనను తాను మూడు మాటలు మెచ్చుకోవాలి. మొదటి రోజు పోశెట్టి అద్దంలో చాలాసేపు చూసి, "మనిషివైతే మంచోనివే" అని ఒక్క మాట అని, మిగతా రెండూ దొరక్క వెనక్కి వచ్చేశాడు. ఐదో మెట్టు క్రీము. ఏడోది చిరునవ్వు, సంతకం. మధ్యలో ఉన్న ఆరో మెట్టే అందరి ప్రాణం తీసింది.

"'ఆరవ మెట్టు. లేపనము పూసిన హస్తమును వెచ్చగాను, తేమగాను, చీకటిగాను ఉండు చోట అరగంటకు తక్కువ కాకుండ ఉంచవలెను. ఈ మెట్టునందున్న ఉద్యోగిని ఎంతటి అధికారియైనను అంతరాయపరచరాదు.'"

చదవడానికి బాగానే ఉంది. ఎముకలు కొరికే చలిలో ఇప్పలగూడలో అలాంటి చోటు ఎక్కడుంది? పోశెట్టి మొదటి రోజు కుండలో తడిగుడ్డ పెట్టి అందులో చెయ్యి దూర్చాడు. ఐదు నిమిషాల్లో చెయ్యి కొయ్యబారింది. రెండో రోజు చాయ్ హోటల్ వాడి ఇడ్లీ గిన్నెలో పెట్టి, పెట్టినంత వేగంగా తీశాడు. మూడో రోజు చేతికి తడిగోనె చుట్టుకుని, పొదుగుతున్న కోడి గంపలోకి పోనిచ్చాడు. కోడికి సర్క్యులర్ సంగతి తెలియదు. ఆరు చోట్ల పొడిచింది. చివరికి విసిగి, ఆ చోటు ఎక్కడుంటుందో సెలవియ్యమని ఆసుపత్రి నుంచి పైకి ఉత్తరం రాయించాడు. వారంలో జవాబు వచ్చింది. "స్థానిక వనరులను వినియోగించుకొనవలెను."

ఈలోగా పరీక్ష కూడా వచ్చిపడింది. చలికాలంలో బడిపిల్లలు మోచేతి మీద గోటితో గీసి తెల్లగా పేర్లు రాసుకునే ఆట ఒకటుందే, శాఖ వారు దాన్నే నఖరేఖా పరీక్ష అన్నారు. పరీక్షించడానికి జిల్లా నుంచి మృదుత్వ పర్యవేక్షణాధికారి కోదండపాణి గారు దయచేశారు. వారు కోటు మీద స్వెటరు, స్వెటరు మీద శాలువా, కోతి టోపీ, మఫ్లరు, ఉన్ని తొడుగులతో చలిని ఎంత గట్టిగా ఆలింగనం చేసుకున్నారంటే ముక్కు ఒక్కటే బయటికి కనిపించింది. ముక్కు మీద తెల్లగా పొట్టు లేచి ఉంది. దాన్ని పరీక్షించే అధికారం ఆ జిల్లాలో ఎవరికీ లేదు.

కోదండపాణి గారు కుడి తొడుగు విప్పి, డాక్టర్ సుచరిత చేతి మీద గోటితో గీశారు. గీత పడలేదు. వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచి రాసిన కొబ్బరినూనె మహిమ.

"అద్భుతము! ఈ హస్తములు నమూనా హస్తములుగా ప్రకటింపబడుచున్నవి."

తర్వాత పోశెట్టి చేతి మీద గీశారు. గీత కాదు, ముగ్గే పడింది. కోదండపాణి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"కర్కశహస్తుడు! తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు నీవు ఏ పశువును, ఎట్టి పరిస్థితులలోను, ముట్టరాదు."

"ముట్టకుంటె పనెట్ల సారూ? ఇది పశువుల దవాఖాన."

"అందులకే మృదుత్వము." అని కోదండపాణి గారు అదే ముక్క కాగితం మీద రాసిచ్చి జీపెక్కారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఉద్యోగుల చర్మం సరే, పశువుల చర్మం మాట ఏమిటని పైన ఎవరికో సందేహం వచ్చింది. దాంతో 'కార్యాలయ పరిధిలోని సమస్త చర్మధారులకు' మెట్లన్నీ వర్తిస్తాయని ఇంకో కాగితం వచ్చింది. చర్మం ఉన్న ప్రతి ప్రాణీ మెట్లెక్కాకే వైద్యం. ఒక్క మట్టిపూత దగ్గర మాత్రం బర్రెలన్నీ చెరువులోంచి లేచి వచ్చి మొదటి తరగతిలో పాసయ్యాయి. అద్దం దగ్గర ఓ ఎద్దు ఎదురుగా ఇంకో ఎద్దు ఉందనుకుని అద్దాన్ని కొమ్ములతో పొడిచి పడేసింది. నోరులేని జీవాలు తమను తాము మెచ్చుకోలేవు కాబట్టి ఆ మూడు మాటలూ యజమాని చెప్పవచ్చని శాఖ పెద్దమనసుతో సడలింపు ఇచ్చింది.

అలా చెప్పడానికే ఒకనాడు లసుంబాయి తన బర్రెను తోలుకుని వచ్చింది. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ బర్రె పేరు చుక్కి. ఆమెకున్నది అదొక్కటే. నిండు చూలుతో ఉంది. లసుంబాయి దాని చెవి దగ్గర వంగి, సర్క్యులర్ ప్రకారం మెచ్చుకుంది.

"మంచిదానివి. పెట్టింది తింటవు. నా మొగని కన్న నయం."

మూడూ సరిపోయాయని పోశెట్టి రాసుకున్నాడు. లసుంబాయి నవ్వలేదు. అతని దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"పోశన్నా, పోయినేడు దీని దుడ్డె కడుపులనే సచ్చింది. యాదికున్నదా? నువ్వు, డాక్టరమ్మ ఇద్దరు ట్రైనింగుల ఉన్నరు. ఈసారి ఏడికి పోకు. నీ చెయ్యి ఉండాలె."

"ఉంట అక్కా. ఏడికి పోను." అన్నాడు పోశెట్టి. అని తన చేతుల వంక చూసుకున్నాడు. ఉండడమైతే ఉంటాడు. చేతులకే అనుమతి లేదు. ఆ మాట ఆమెతో చెప్పలేక, చుక్కి వీపు నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరమ్మ ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఆ ధైర్యం కూడా నాలుగు రోజులే నిలిచింది. రాష్ట్రం మొత్తంలో నమూనా హస్తాలు ఐదు జతలే దొరికాయట. అవి చెడిపోకుండా కాపాడడం శాఖ బాధ్యత. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి, డాక్టర్ సుచరిత చేతులకు మోచేతి దాకా క్రీము పట్టించి, గుడ్డ తొడుగులు తొడిగి, వాటి మీద ప్లాస్టిక్ కవర్లు చుట్టి, పురికొసతో బిగించి, ముడి మీద లక్కతో సీలు వేసి పోయాడు. కోదండపాణి గారు మళ్ళీ తనిఖీకి వచ్చేదాకా విప్పకూడదు.

ఇప్పుడు ఆసుపత్రిలో పని చెయ్యగల చేతులు రెండు జతలున్నాయి. ఒక జత మరీ గరుకుగా ఉందని ముట్టకూడదు. ఇంకో జత మరీ నున్నగా ఉందని ముట్టకూడదు. ఎలా కలిపి పెట్టాలో వాళ్ళమ్మ ఫోనులో చెబుతుంటే, డాక్టరమ్మకు పక్కింటావిడ అన్నం తినిపించేది. "అన్నప్రాశన నాడు తిన్న, మళ్ళ ఇప్పుడు తింటున్న." అని డాక్టరమ్మ పోశెట్టితో అంది.

తనిఖీ రోజు రానే వచ్చింది. పొద్దున పది కొడుతుండగా లసుంబాయి చుక్కిని మెల్లగా నడిపించుకుని వచ్చి ఆసుపత్రి కొట్టంలో కట్టేసింది. ఉమ్మనీరు పోయి చాలాసేపయింది. బర్రె ముక్కుతోంది, మూలుగుతోంది, దుడ్డె రావడం లేదు. పోశెట్టి చేతులు చంకల్లో పెట్టుకుని దూరం నుంచే చూశాడు. ఒక గిట్ట కనబడుతోంది. దాని పైన ముక్కు కొస. రెండో గిట్ట లేదు.

"మేడం, ఒక కాలు లోపల మడిచింది."

డాక్టర్ సుచరిత కూడా వంగి చూసింది. "ఔను. దుడ్డెను వెనక్కి నెట్టి కాలు సాపాలె. ఎక్కువ సేపు లేదు పోశన్నా."

సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది. కోదండపాణి గారు శాలువాల్లోంచి దిగారు. డాక్టరమ్మ పరుగున ఎదురెళ్ళి రెండు చేతులూ చాపింది.

"సార్, ఈ సీళ్ళు తీయండి. అర్జెంటు కేసు. దుడ్డె చచ్చిపోతది."

కోదండపాణి గారు వంగి సీళ్ళను పరిశీలించి తృప్తిగా తలూపారు. "సీళ్ళు చెక్కుచెదరలేదు. సంతోషము. అయితే వేసిన చేయియే తీయవలెనని నిబంధన. వేసిన అధికారి పెదవులు పగిలి సెలవులో ఉన్నారు."

"అయితే పోశన్ననన్నా చెయ్యనియ్యండి!"

"కర్కశహస్తము గర్భస్థ శిశువును తాకుటయా? పుట్టకమునుపే దానికి మనస్తాపమా? లోకముపై ఎట్టి అభిప్రాయముతో అది బయటకు రాగలదు?"

డాక్టర్ సుచరిత పురికొసను పళ్ళతో పట్టి కొరకడం మొదలుపెట్టింది.

"నమూనా హస్తములను కొరుకుట శిక్షార్హము!" అని కోదండపాణి గారు కేక పెట్టారు. ఆవిడ వినిపించుకోలేదు. పురికొసా తెగలేదు. ప్రభుత్వం వారు ఆ ఏడు నాణ్యంగా కొన్నది అదొక్కటే.

లసుంబాయి పోశెట్టి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏడవడం లేదు. "ఉంటనంటివి కద పోశన్నా." అంది, అంతే.

పోశెట్టి చంకల్లోంచి చేతులు తీశాడు. ఇరవై మూడేళ్ళు సర్క్యులర్లు మోశాడు గానీ ఏనాడూ ఒకదాన్ని వాడుకోవాలని అతనికి తోచలేదు. ఇప్పుడు తోచింది. తిన్నగా వెళ్ళి కోదండపాణి గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, నాకు ఆరో మెట్టు టైమైంది."

కోదండపాణి గారి ముక్కు ఆనందంతో మెరిసింది. "చూచితివా డాక్టరమ్మా! ఇంతటి గందరగోళమునందును స్వీయ సంరక్షణను మరువలేదు. కానిమ్ము పోశెట్టీ."

"వెచ్చగ, తడిగ, చీకటిగ ఉన్న జాగల పెట్టాలె గదా?"

"అక్షరాలా."

"నడుమల ఎవ్వలు ఆపొద్దు గదా?"

"నేనైనను ఆపరాదు."

పోశెట్టి కొత్త డబ్బా మూత తీశాడు. వేళ్ళ నుంచి భుజం దాకా చెయ్యంతా క్రీము పట్టించాడు. చాలలేదని ఇంకో డబ్బా తెరిచాడు. తర్వాత చుక్కి వెనక్కి వెళ్ళి, "ఏం కాదు బిడ్డా" అని, ఆరో మెట్టు ఎక్కాడు.

"ఏమది! ఏమది!" కోదండపాణి గారు ఎగిరిపడ్డారు. "నీవు పశువును ముట్టుచున్నావు!"

"పశువు కాదు సారూ." పోశెట్టి వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "స్థానిక వనరు."

కోదండపాణి గారు సర్క్యులర్ తీసి ఆరో మెట్టు చదివారు. మళ్ళీ చదివారు. వెచ్చగా ఉంది. తేమగా ఉంది. చీకటి సంగతి అడగనే అక్కర్లేదు. చేతి గడియారం చూసి, "ప్రారంభము పది గంటల పన్నెండు నిమిషములు" అని రాసుకున్నారు.

లోపల పోశెట్టి చెయ్యి దుడ్డె రొమ్మును వెతికి పట్టుకుంది. చుక్కి ముక్కినప్పుడల్లా ఆగుతూ మెల్లగా దాన్ని వెనక్కి నెట్టింది. డాక్టరమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెబుతోంది. "మోకాలు దొరికిందా? గిట్టను గుప్పిట్ల దాచుకో పోశన్నా, గర్భసంచి చీరద్దు." పోశెట్టి కళ్ళు మూసుకున్నాడు. గిట్ట అరచేతిలోకి వచ్చింది. ఒడుపుగా ముందుకు లాగాడు. మడిచిన కాలు సాగింది. రెండో గిట్ట బయటికి కనబడగానే లసుంబాయి ఒక్కసారిగా బావురుమంది.

"ఇప్పుడెందుకు ఏడుస్తవక్కా, వట్టుకో!" అన్నాడు పోశెట్టి. ఇద్దరూ కలిసి లాగారు. దుడ్డె జారి గడ్డి మీద పడింది. కాసేపు కదలలేదు. పోశెట్టి దాని ముక్కులో గడ్డిపరక ఆడించాడు. దుడ్డె గట్టిగా తుమ్మింది. డెబ్బై రెండు డబ్బాలూ ఆ తుమ్ముకు సరిపోయాయనిపించింది అతనికి.

"ఇంకను ఎనిమిది నిమిషములు కలవు." అన్నారు కోదండపాణి గారు. "అరగంట పూర్తి కాలేదు."

లోపల ఎక్కడా చిరగలేదని చూసుకోవాలి కాబట్టి పోశెట్టి చెయ్యి మళ్ళీ లోపల పెట్టి ఆ ఎనిమిది నిమిషాలూ భక్తిగా పూర్తి చేశాడు. తర్వాత కోదండపాణి గారు అతని చేతి మీద గోటితో గీశారు. గీత పడలేదు. అనుమానం వచ్చి దుడ్డె మీద కూడా గీశారు. గీత పడలేదు.

"నూటికి నూరు పాళ్ళు! ఈ దుడ్డె ఏ మెట్టునుండి ప్రారంభించినది?"

"లోపటి నుంచే వచ్చింది సారూ." అంది లసుంబాయి.

కోదండపాణి గారు మఫ్లరు అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. "పోశెట్టీ, నీవిక కర్కశహస్తుడవు కావు. నీవి ఆరవ జత నమూనా హస్తములు. తక్షణమే సీలు వేయవలెను. లక్క కరిగించుడు! నీవు పోయి శుభ్రపరచుకొని రమ్ము."

ముట్టకూడదంటే ఏదో దారి దొరికింది, మూట కట్టేస్తే ఇంక దారే లేదు. పోశెట్టి బోరు దగ్గరికి వెళ్ళాడు. మెత్తని సబ్బు ఒకటుంది, పక్కన గోనెసంచులు ఉతికే బట్టల సబ్బు ఒకటుంది. బట్టల సబ్బు తీసుకుని మంచులాంటి నీళ్ళలో మూడుసార్లు తోమాడు. తుడుచుకోకుండా ఉత్తరపు గాలికి చేతులు చాపి నిలబడ్డాడు. లక్క కరిగేలోపు చెయ్యి పొలం బీటలా విచ్చింది. కోదండపాణి గారు ఆఖరిసారి గీసి చూశారు. ముగ్గు కాదు, ఈసారి పెద్ద రథమే వచ్చింది.

"మరల కర్కశహస్తుడవే! నిషేధము కొనసాగును." అని వారు నీరుగారిపోయారు.

"మీ దయ సారూ." అన్నాడు పోశెట్టి, మనస్ఫూర్తిగా.

మర్నాడు సెలవు నుంచి వచ్చిన అధికారి డాక్టరమ్మ సీళ్ళు విప్పితే, రోజుల తరబడి నానిన చేతులు ముడతలు పడి గుర్తు పట్టలేకుండా ఉన్నాయి. ఆవిడ కూడా ఫెయిలైంది. ఆ చలికాలమంతా ఇద్దరు కర్కశహస్తులూ ఏ పశువునూ ముట్టలేదు. ఆరో మెట్టు మాత్రం అరవై నాలుగు సార్లు ఎక్కారు. ఇరవై దుడ్డెలు, నాలుగు లేగలు పుట్టాయి. మేక గొంతులో ఇరుక్కున్న గుడ్డపేలిక కూడా వెచ్చని, తేమగల, చీకటి చోటులోంచే బయటికి వచ్చింది.

పైవాళ్ళకు అయోమయం పట్టుకుంది. రాష్ట్రంలోకెల్లా ఆరో మెట్టు ఎక్కువసార్లు ఎక్కిన ఆసుపత్రిలోనే చేతులు అందరికంటే గరుకుగా ఉండడమేమిటి? సంఘం వేశారు. సంఘం నెల రోజులు ఆలోచించి, ఉద్యోగులలో లోపం లేదు, క్రీములో లోపం లేదు, లోపమంతా చలికాలానిదేనని తేల్చింది. "శ్రద్ధాసక్తులతో చేయబడిన ఆలింగనమునకు తగురీతిని స్పందింపనందున, నీపై ఏల చర్య తీసుకొనరాదో పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను" అని శీతాకాలానికి సంజాయిషీ నోటీసు జారీ అయింది. దానికి చిరునామా లేదు కాబట్టి, మైదాతో ఆసుపత్రి గోడకు అంటించారు.

శీతాకాలం జవాబివ్వలేదు. పన్నెండో రోజు శివరాత్రి. చలి శివశివా అనుకుంటూ వెళ్ళిపోయింది. నోటీసు దెబ్బకే పోయిందని శాఖ వారు ప్రకటించారు. ఆ నోటీసు పక్కన నిలబడి ఫొటో దిగడానికి కోదండపాణి గారు స్వయంగా వచ్చారు. శాలువాలు లేకపోవడంతో ఆయన ఇంత సన్నని మనిషా అని ఊరంతా ఆశ్చర్యపోయింది.

ఫొటోకు ఇంకా క్రాపు సర్దుకుంటున్నారు. పురుగుల మందు తాగించడానికి లసుంబాయి చుక్కిని, దుడ్డెను తోలుకొచ్చింది. దుడ్డె బాగా పుంజుకుంది, దూకుతోంది. తల్లిని వదిలి గోడ దగ్గరికి పోయి మైదా వాసన చూసింది. ఒకసారి నాకింది. రుచి నచ్చి, నోటీసు అంచు పట్టి లాగింది.

"ఆపుము! ఆపుము!" కోదండపాణి గారు గంతేశారు. "అది ప్రభుత్వ పత్రము! పోశెట్టీ, ఆ దుడ్డెను పట్టుకొనుము!"

పోశెట్టి ఒకడుగు ముందుకు వేశాడు. ఆగాడు. రెండు చేతులూ ముందుకు చాపి, గోటితో ఒక గీత గీసుకుని, ఆయనకు చూపించాడు. తర్వాత వాటిని మెల్లగా వీపు వెనక దాచుకున్నాడు.

"ఎట్ల వట్టుకుంట సారూ? కర్కశహస్తుణ్ని. పశువును ముట్టొద్దని మీరే రాసిచ్చిన్రు."

దుడ్డె తొందరేమీ పడలేదు. సంతకం దాకా నమిలి మింగి, తల్లి దగ్గరికి పాలకు పోయింది.